బొమ్మ గీస్తే వచ్చిన కోడు ఎవరిది?

అందరికీ నమస్కారం. స్లయిడ్లు నాలుగైదే తెచ్చాను. ఎక్కువసేపు తెర మీద ఎడిటరే ఉంటుంది. వెనక వరుసల్లో అక్షరాలు కనబడకపోతే చెప్పండి, పెద్దవి చేస్తాను.

ముందు ఈ ఫైలు చూడండి. విండోలను మౌస్‌తో గీయడానికి వాడే క్యూటీ డిజైనర్‌లో ఒక ఫారం, అంటే విండో బొమ్మ, గీసి ప్రాజెక్టును బిల్డ్ చేస్తే దానంతట అదే పుట్టిన సీ ప్లస్ ప్లస్ హెడర్ ఫైలు ఇది. పైన కామెంటులో ఒక హెచ్చరిక ఉంది. యూఐ ఫైలును, అంటే గీసిన బొమ్మ ఉండే ఫైలును, మళ్లీ కంపైల్ చేస్తే ఇక్కడ చేసిన మార్పులన్నీ పోతాయి అని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట నా కంటబడింది గానీ బుర్రకెక్కలేదు.

అప్పుడు నాకు అప్పగించిన విండోలో నలభైకి పైగా గడులుండేవి. కొన్ని గడుల్లో అంకెలే పడాలి, కొన్ని గడులు ముందుది నింపితే గానీ తెరుచుకోకూడదు. ఆ కోడు ఎక్కడ రాయాలో తెలియక, గడుల పేర్లన్నీ ఒక్కచోట కనిపిస్తున్నాయి కదా అని ఈ హెడర్ ఫైలులోనే రాసుకుంటూ పోయాను. రెండు రోజుల పని. చక్కగా నడిచింది కూడా. మూడో రోజు పక్క సీటులోని సహోద్యోగి డిజైనర్ తెరిచి ఒక లేబుల్‌ను కాస్త కుడివైపు జరిపి, సేవ్ చేసి పంపాడు. ఆ మార్పు తెచ్చుకుని బిల్డ్ నొక్కాను. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. విండో తెరుచుకుంది. నేను రాసిందేదీ అందులో లేదు. అలా పుట్టే ఫైళ్లు బిల్డ్ ఫోల్డర్‌లో పడతాయి కాబట్టి, కోడు పాత రూపాలన్నీ దాచిపెట్టే వర్షన్ కంట్రోల్‌లో కూడా దాని కాపీ లేదు.

ఆ సాయంత్రం తెలిసొచ్చిన సంగతే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను. బొమ్మ గీస్తే కోడు రాసిపెట్టే పరికరం ఏది చేతిలోకి తీసుకున్నా ముందు ఒక ప్రశ్న వేయండి. రేపు మళ్లీ జనరేట్ చేస్తే, ఇవాళ నేను చేతితో రాసింది ఏమవుతుంది? దీనికి జవాబు తెలియకుండా ఒక్క లైను కూడా రాయొద్దు.

అసలు ఈ పరికరాలు ఎందుకు పుట్టాయో చెబుతాను. రెండు గడులు, రెండు లేబుళ్లు, ఒక బటన్ ఉన్న విండో అనుకుందాం. కాగితం మీద గీయడానికి అర నిమిషం పట్టదు. దాన్నే కోడులో రాయాలంటే ప్రతి ముక్కనూ పుట్టించాలి, పేరు పెట్టాలి, ఎవరి లోపల ఎవరుండాలో చెప్పాలి, పొడవు వెడల్పులు ఇవ్వాలి, మీద రాత రాయాలి, ట్యాబ్ నొక్కితే కర్సర్ ఏ వరుసలో వెళ్లాలో చెప్పాలి. రాసిందంతా సరిగ్గా వచ్చిందో లేదో నడిపి చూస్తే గానీ తెలియదు. రెండు పిక్సెళ్లు జరపాలి. మళ్లీ కంపైల్, మళ్లీ నడపడం. ఈ పని చేసినవాళ్లకు ఆ విసుగు తెలుసు. 1992లో బ్రాడ్ మయర్స్, మేరీ బెత్ రోసన్ అనే పరిశోధకులు ప్రోగ్రామర్లను అడిగి ఒక సర్వే ప్రచురించారు. అందులో సగటున 48 శాతం కోడు తెర మీద కనిపించే ఇంటర్‌ఫేస్ కోసమే పోతోందని తేలింది. దాదాపు సగం! ప్రోగ్రాం చేయాల్సిన అసలు పనికి మిగిలింది తక్కిన సగమే.

కళ్లతో చూసి చేతితో జరపాల్సిన వస్తువును మాటల్లో వర్ణించమంటే వచ్చే కష్టం ఇది. దీన్ని చాలా ముందే పట్టుకున్న మనిషి ఫ్రాన్సుకు చెందిన జాన్ మారీ ఉల్లో. 1980ల నడుమ మాకింటోష్ మీద లిస్ప్ భాషలో ఒక పరికరం చేశాడు. బటన్లను మౌస్‌తో లాగి విండోలో పెట్టడమే. తర్వాత నెక్స్ట్ కంపెనీలో చేరి అక్కడ ఇంటర్‌ఫేస్ బిల్డర్ చేశాడు. 1988 నుంచి నెక్స్ట్ కంప్యూటర్లలో అది ఉంది. టిమ్ బెర్నర్స్ లీ 1990లో మొదటి వెబ్ బ్రౌజర్ రాసింది నెక్స్ట్ కంప్యూటర్ మీదే.

ఇంటర్‌ఫేస్ బిల్డర్‌లో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. అది కోడు రాయదు. మీరు పెట్టిన బటన్ నిజంగానే మెమరీలో ఉన్న బటన్ వస్తువు. సేవ్ చేసినప్పుడు ఆ వస్తువులను ఉన్నవి ఉన్నట్టు ఒక నిబ్ ఫైలులో భద్రపరుస్తుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు వాటిని మళ్లీ లేపుతుంది. మన కోడుకూ ఆ బటన్లకూ మధ్య తీగలు కలుపుతాం, అంతే. చెరిగిపోవడానికి మధ్యలో పుట్టించిన కోడంటూ ఏదీ లేదు కాబట్టి నాకు జరిగిన నష్టం అక్కడ జరగదు.

1991లో విజువల్ బేసిక్ వచ్చింది. దాని ఫారాలు గీసే భాగానికి మూలం అలన్ కూపర్ చేసిన పని. దాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుని బేసిక్ భాషను జోడించింది. బటన్ మీద డబుల్ క్లిక్ చేస్తే నేరుగా దాని కోడు తెరుచుకుంటుంది. ప్రోగ్రామింగ్ చదువుకోనివాళ్లు కూడా తమకు కావలసిన ప్రోగ్రాం తామే చేసుకున్నది ఆ డబుల్ క్లిక్ వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను. ఫారం వర్ణన, మన కోడు ఒకే ఫైలులో ఉండేవి. వర్ణన పైన, కోడు కింద. ఎడిటర్ పై భాగాన్ని చూపించేదే కాదు. 1995లో బోర్లాండ్ డెల్ఫీ తెచ్చింది. అందులో ఫారం వర్ణనకు విడిగా ఒక ఫైలు ఉంటుంది, పాస్కల్ కోడు ఇంకో ఫైలులో ఉంటుంది. బటన్ పెడితే పాస్కల్ ఫైలులోని క్లాసులో ఆ బటన్ పేరు వచ్చి చేరుతుంది, తీసేస్తే పోతుంది. మనం చేతితో రాసిన లైన్ల జోలికి రాదు. ఆ మర్యాద అన్ని పరికరాలకూ లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. కోడు పుట్టించే పరికరాలన్నీ తాము రాసినదాన్నీ మనం రాసినదాన్నీ విడదీయడానికి ఒక గట్టు కట్టుకుంటాయి. ఆ గట్టు ఎక్కడుందో చూస్తే ఆ పరికరం స్వభావం తెలిసిపోతుంది.

గ్లేడ్ అనే పరికరం పాత రూపం చూడండి. జీటీకే అనే లైబ్రరీతో చేసే విండోలు గీయడానికి వాడేవాళ్లు. రెండో వర్షన్‌లో సీ భాషలో కోడు రాసిపెట్టేది. ఇంటర్‌ఫేస్ డాట్ సీ అనే ఫైలు మొదట్లోనే, దీన్ని మార్చొద్దు, గ్లేడ్ పుట్టించింది అని రాసి ఉండేది. మెయిన్ డాట్ సీ తెరిస్తే అందుకు సరిగ్గా వ్యతిరేకం, దీన్ని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, గ్లేడ్ మళ్లీ ముట్టుకోదు అని ఉండేది. బటన్ నొక్కితే నడిచే ఫంక్షన్లు ఉండే కాల్‌బ్యాక్స్ డాట్ సీ నడిమి రకం. కొత్త బటన్లు వస్తే వాటి ఫంక్షన్లను చివర్లో చేర్చేది, ఉన్నవాటిని కదిలించేది కాదు. ఒక్కో ఫైలుకు ఒక్కో ఒప్పందం. జాగ్రత్తగా ఆలోచించి చేసిన ఏర్పాటే. అయినా నిలవలేదు. ఎందుకంటే గ్లేడ్‌లో ఫంక్షన్ పేరు మారిస్తే పాత ఫంక్షన్ కాల్‌బ్యాక్స్ ఫైలులో అనాథలా మిగిలిపోతుంది, పక్కన కొత్తది ఖాళీగా పుడుతుంది. నెల గడిచేసరికి ఏది బతికి ఉందో ఏది చచ్చిపోయిందో తెలియని ఫైలు మన చేతిలో ఉంటుంది.

జేమ్స్ హెన్‌స్ట్రిడ్జ్ రాసిన లిబ్‌గ్లేడ్ అనే లైబ్రరీ దీనికి వేరే దారి చూపింది. గీసిన బొమ్మ ఎక్స్‌ఎంఎల్ అనే వర్ణన పద్ధతిలో రాసిన ఫైలుగా ఎలాగూ ఉంది, దాన్ని ప్రోగ్రాం నడిచేటప్పుడే చదివి విండో కడదాం, నడుమ కోడు ఎందుకు? ఈ ఆలోచనే 2007లో జీటీకే 2.12లో జీటీకే బిల్డర్ పేరుతో లోపలికే వచ్చేసింది. గ్లేడ్ మూడో వర్షన్ నుంచి కోడు పుట్టించడం పూర్తిగా మానేసింది. కోడు పుట్టించే పరికరంగా పేరు తెచ్చుకున్నది ఆ పనినే వదులుకుంది చూడండి. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన మంచి నిర్ణయాల్లో అదొకటి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫార్మ్స్ తీరు వేరు. అక్కడ విడిగా బొమ్మ ఫైలు లేదు. ఇనిషియలైజ్ కాంపొనెంట్ అనే ఫంక్షన్‌లోని కోడే బొమ్మ. డిజైనర్ ఆ కోడును చదివి తెర మీద ఫారం చూపిస్తుంది, మనం మౌస్‌తో జరిపితే ఆ కోడునే తిరిగి రాస్తుంది. మొదట్లో ఇది మన కోడు ఉన్న ఫైలులోనే ఒక మడత కింద దాక్కుని ఉండేది. 2005లో అక్కడ వాడే సీ షార్ప్ భాషకు పార్షియల్ క్లాసులు వచ్చాయి. ఒకే క్లాసును రెండు ఫైళ్లలో రాయవచ్చు. అప్పటినుంచి డిజైనర్ భాగం డిజైనర్ డాట్ సీఎస్ అనే ఫైలులోకి వెళ్లిపోయింది, మన భాగం మన ఫైలులో మిగిలింది. ఇంత అవసరమైనది కాబట్టే గట్టు కట్టడానికి భాషలోనే సదుపాయం వచ్చింది.

జావా ప్రోగ్రాములు రాయడానికి వాడే నెట్‌బీన్స్ ఇంకో దారి పట్టింది. జావా ఫైలు ఒక్కటే. కానీ అందులో కొన్ని లైన్లు బూడిద రంగులో ఉంటాయి, అక్కడ కర్సర్ పెట్టి టైప్ చేసినా అక్షరం పడదు. పాత విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో, డబ్ల్యూఎక్స్ గ్లేడ్ అనే మరో పరికరంలో అయితే కామెంట్లే సరిహద్దు రాళ్లు. ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు అని రెండు కామెంట్లు ఉంటాయి, మధ్యలోది పరికరానిది. పొరపాటున ఒక కామెంటు చెరిపారంటే ఇక దానికి తన హద్దు ఎక్కడో తెలియదు.

ఈ నాలుగింటిలో నాకు నమ్మకం కలిగించేది విడి ఫైలే. రంగులు, కామెంట్లు మనిషి జాగ్రత్త మీద ఆధారపడతాయి. అలసిపోయిన రోజున జాగ్రత్త ఎలా ఉంటుందో మొదట చెప్పిన కథలో విన్నారు.

ఇప్పుడు క్యూటీలో ఒక చిన్న పని చేసి చూపిస్తాను. దగ్గర నుంచి చూడాల్సిన చోటు ఇది. ఈ ఫారంలో ఒక బటన్ ఉంది, దాని పేరు సేవ్‌బటన్. నా క్లాసులో ఒక ఫంక్షన్ ఉంది, దాని పేరు ఆన్ అండర్‌స్కోర్ సేవ్‌బటన్ అండర్‌స్కోర్ క్లిక్డ్. ఈ రెంటినీ కలపమని ఎక్కడా కనెక్ట్ అని రాయలేదు. అయినా బటన్ నొక్కితే ఫంక్షన్ నడుస్తుంది. ఎలా? పుట్టిన హెడర్‌లో కిందికి వెళ్తే, సెటప్ యూఐ ఫంక్షన్ చివర ఈ లైను చూడండి, కనెక్ట్ స్లాట్స్ బై నేమ్. పేర్లు చూసి జతలు కలుపుతుంది. ముచ్చటగా ఉంది కదా. ఇప్పుడు డిజైనర్‌లోకి వెళ్లి బటన్ పేరును బటన్‌సేవ్ అని మారుస్తున్నాను. బిల్డ్. ఎర్రర్లు లేవు. విండో వచ్చింది. బటన్ నొక్కుతున్నాను... ఏమీ జరగలేదు. కింద అవుట్‌పుట్ కిటికీలో, సరిపోయే సిగ్నల్ దొరకలేదని ఒక హెచ్చరిక పడింది. ఆ కిటికీ మూసి పనిచేసేవాళ్లకు అది కూడా కనబడదు.

ఇలాంటి తప్పు వాడేవాళ్ల చేతికి వెళ్లాక బయటపడితే ఎంత టెన్షనో ఊహించండి. అందుకే నేను పేర్ల మీద ఆధారపడే ఈ జతలు వాడను. విండో పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో, బటన్‌నూ ఫంక్షన్‌నూ నేరుగా చూపించే ఫంక్షన్ పాయింటర్లతో కనెక్ట్ అని చేతితో రాస్తాను. అప్పుడు బటన్ పేరు మారితే కంపైలరే ఆపుతుంది. ఒక లైను ఎక్కువ రాయాలి, అంతే ఖర్చు.

అదే హెడర్‌లో రీట్రాన్స్‌లేట్ యూఐ అని ఇంకో ఫంక్షన్ ఉంది, గమనించారా? ఫారం మీది రాతలన్నీ ఒక్కచోట ఇందులో ఉంటాయి. ప్రోగ్రాం నడుస్తుండగా భాష మార్చాలంటే దీన్ని మళ్లీ పిలిస్తే చాలు. చేతితో రాసేటప్పుడు మనలో ఎంతమందిమి రాతలను ఇంత శ్రద్ధగా విడదీస్తాం? యంత్రం రాసిన కోడు చదవడం వల్ల ఇలాంటివి నేర్చుకోవచ్చు. మార్చకూడదన్నాను గానీ చదవకూడదని అనలేదు. తప్పకుండా చదవండి.

భాష మాట వచ్చింది కాబట్టి లేఅవుట్, అంటే విండోలో ముక్కల అమరిక, గురించి కూడా చెప్పాలి. కొత్తవాళ్లు ఫారం మీద బటన్లను ఎక్కడ వదిలితే అక్కడే ఉంచేస్తారు. డిజైనర్‌లో అందంగానే ఉంటుంది. పుట్టిన కోడులో చూస్తే ప్రతి బటన్‌కూ నాలుగు అంకెలు, ఎడమ, పై, వెడల్పు, ఎత్తు. విండోను పెద్దది చేయండి, బటన్లు మూలన ముడుచుకునే ఉంటాయి. రాతను తెలుగులోకి మార్చండి. 'సృష్టించు' అన్న మాట ఉంది. పైన గుడి, కింద వట్రసుడి, టవత్తు. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు సరిపెట్టిన గడిలో దీని వత్తు తెగిపోతుంది. తెలుగు ప్రోగ్రాముల్లో వత్తులు నరికేసిన బటన్లు చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. గ్రిడ్ లేఅవుటో నిలువు లేఅవుటో పెట్టి ఉంటే రాతకు తగ్గట్టు బటనే పెరిగేది. డిజైనర్‌లో రైట్ క్లిక్ చేసి ఒక్క మెనూ ఎంచుకుంటే అయ్యే పని. 2006లో నెట్‌బీన్స్ 5.0తో వచ్చిన మాటిస్ అనే ఫారాలు గీసే భాగం దీన్ని ఇంకా సులువు చేసింది. మనం స్వేచ్ఛగా లాగి పెడుతుంటే ఏది దేనితో వరుసలో ఉందో అదే కనిపెట్టి గ్రూప్ లేఅవుట్ కోడు రాస్తుంది. ఆ కోడు మనిషి చదవడానికి పనికిరాదు, ఒప్పుకుంటాను. విండో మాత్రం బాగా సాగుతుంది.

అందరూ అడిగే మాటకు వస్తాను. ఏఐ వచ్చింది కదా, ఇవన్నీ ఇంకా ఎందుకు అని. 2017లో పిక్స్‌టుకోడ్ అనే పరిశోధన వచ్చింది. స్క్రీన్‌షాట్ ఇస్తే న్యూరల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ కోడు రాస్తుంది. దాని ఖచ్చితత్వం 77 శాతం పైన అన్నారు. ఇవాళ్టి మోడళ్లు అక్కడినుంచి చాలా దూరం వచ్చాయి. నేనూ వాడుతున్నాను. కానీ ఒక తేడా గమనించాలి. క్యూటీ డిజైనర్‌లో అదే బొమ్మ నుంచి ఎన్నిసార్లు పుట్టించినా అదే కోడు వస్తుంది. ఏఐని అదే మాట రెండుసార్లు అడిగితే రెండు రకాల కోడు రావచ్చు. మళ్లీ పుట్టించుకుందాంలే అనే భరోసా అక్కడ లేదు. కాబట్టి అది ఇచ్చిన కోడును మీరు ఒప్పుకున్న క్షణం నుంచి అది మీ చేతిరాతే. చదివి, అర్థం చేసుకుని, కమిట్ చేయాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను. విండో కావాలంటే ఏఐని సీ ప్లస్ ప్లస్ కోడు అడగను, యూఐ ఫైలు అడుగుతాను. ఎక్స్‌ఎంఎల్ ఇస్తుంది. డిజైనర్‌లో తెరిస్తే తప్పొప్పులు కంటికి కనిపిస్తాయి. ట్యాబ్ వరుస సరిగ్గా ఉందా, లేఅవుట్లు పెట్టిందా లేక అంకెలు పెట్టిందా, ఒక్క చూపుతో తెలుస్తుంది. అక్కడినుంచి పాత దారే.

ఇంకో పక్క రియాక్ట్, ఫ్లట్టర్, స్విఫ్ట్‌యూఐ, జెట్‌ప్యాక్ కంపోజ్ లాంటి ఇంటర్‌ఫేస్ కట్టే పరికరాలు ఈ లెక్కను తిరగేశాయి. వాటిలో కోడే బొమ్మ. తెర ఎలా ఉండాలో కోడులో వర్ణిస్తాం, రాస్తుండగానే పక్కన బొమ్మ కనిపించేలా చేసుకోవచ్చు. మూలం ఏదో స్పష్టంగా ఉంది కాబట్టి నాకు వాటి మీద గౌరవం. వాటి గురించి చెప్పాలంటే ఇంకో గంట కావాలి.

ప్రశ్నలు. మీరు అడగండి... ఆమె అడుగుతున్నది, పుట్టించిన ఫైళ్లను వర్షన్ కంట్రోల్‌లో పెట్టాలా వద్దా అని. మంచి ప్రశ్న. పరికరం దేన్ని చదివి ఫారం చూపిస్తుందో దాన్ని పెట్టాలి. క్యూటీలో యూఐ ఫైలు పెట్టండి, హెడర్ వద్దు, బిల్డ్ దాన్ని ఎప్పుడైనా పుట్టించుకుంటుంది. విండోస్ ఫార్మ్స్‌లో డిజైనర్ డాట్ సీఎస్ తప్పకుండా పెట్టాలి, అది పోతే ఫారమే పోయినట్టు. నెట్‌బీన్స్‌లో జావా ఫైలు, దాని పక్కనే ఉండే ఫారం ఫైలు, రెండూ ఒకే కమిట్‌లో వెళ్లాలి. ఫారం ఫైలు మర్చిపోతే ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, కానీ అవతలివాళ్లు దాన్ని డిజైనర్‌లో తెరవలేరు. ఇద్దరు ఒకే ఫారాన్ని ఒకేసారి మార్చి, ఆ మార్పులు కలిపే మెర్జ్‌లో ఘర్షణ వస్తే, ఎక్స్‌ఎంఎల్‌ను చేతితో అతికించడానికి కూర్చోకండి. ఒకరి మార్పు ఉంచి, రెండోది డిజైనర్‌లో మళ్లీ గీయండి. పది నిమిషాల పని. ముందే ఫారాన్ని చిన్న చిన్న విడ్జెట్లుగా విడగొట్టి విడి ఫైళ్లలో పెట్టుకుంటే ఆ పది నిమిషాలు కూడా చాలాసార్లు మిగులుతాయి. నా నలభై గడుల విండో ఇప్పుడు ఆరు యూఐ ఫైళ్లు. కావాలంటే మైకు ఆపాక ఇక్కడికి రండి, తెరిచి చూపిస్తాను.